చెవులక్క ఇంటి చప్పుడు

ఆమెను ఆఫీసులో అందరూ చెవులక్క అనేవారు. అసలు పేరు జీతాలు వేసే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. ఆమె పని ఫోను ఎత్తడం.

ఆ ఊళ్ళో చలి ఎక్కువ. ఇళ్ళు వెచ్చగా ఉండడానికి చాలామంది హీట్ పంపులు పెట్టించుకున్నారు. చూడడానికి అది ఏసీలాగే ఉంటుంది. లోపల గోడకు ఒక పెట్టె, ఇంటి బయట ఫ్యానుతో ఇంకో పెద్ద పెట్టె. ఏసీ గదిలోని వేడిని బయట పారబోస్తే, ఇది బయటి గాలిలో మిగిలున్న కాస్త వేడినీ లాక్కొచ్చి ఇంట్లో పెడుతుంది. ఎండా వానా దుమ్మూ అన్నీ బయటి పెట్టెకే తగులుతాయి కాబట్టి జబ్బులూ దానికే వస్తాయి. జబ్బు చేస్తే మూలుగుతుంది, దగ్గుతుంది, పళ్ళు కొరుకుతుంది. ఇంట్లోవాళ్ళు హడలిపోయి ఫోను చేస్తారు. ఆ ఫోను చెవులక్క దగ్గరికి వస్తుంది.

"మిషన్ ఏదో చప్పుడు చేస్తోందండీ."

"ఎలాంటి చప్పుడండీ?"

"అదే... ఒక రకంగా."

"ఒక్కసారి నోటితో చేసి వినిపిస్తారా?"

ఇక్కడికి వచ్చేసరికి అవతల అందరూ తటపటాయిస్తారు. ఒక లాయరుగారు తన గది తలుపు వేసుకొచ్చి, గొంతు సవరించుకుని, కోర్టులో వాదించినంత శ్రద్ధగా "గర్ర్... ఠక్, గర్ర్... ఠక్" అని వినిపించాడు. ఒక పెద్దావిడ తనకు సిగ్గేస్తుందని మనవరాలికి ఫోను ఇచ్చింది. ఇంకొకాయన "మ్యావ్" అన్నాడు.

"అది మిషన్ కాదండీ, పిల్లి," అంది చెవులక్క.

"పిల్లి అని నాకూ తెలుసమ్మా. వెచ్చగా ఉందని పెట్టె కింద దూరింది. బయటికెలా రప్పించాలో చెప్పండి."

టకటకమంటే ఫ్యానుకు ఆకో పుల్లో తగులుతోంది. గడగడమంటే పైమూత స్క్రూ వదులైంది. కీచుమంటే లోపల బేరింగు అరిగింది. బుస్సుమని ఆవిరి వస్తే భయపడనక్కర్లేదు, పెట్టె తన మీద పేరుకున్న మంచును తనే కరిగించుకుంటోంది. ఇవన్నీ ఆమెకు కంపెనీ పెద్ద మెకానిక్కు నేర్పాడు. ఏ మిషన్ చూసినా ముందు "నట్టు చూశారా?" అని అడుగుతాడు కాబట్టి అతన్ని నట్టు బాబాయ్ అంటారు. ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో అతను మధ్యాహ్నం భోజనాల గదిలో ఎదురుగా కూర్చుని, బుగ్గలు పూరించి, పెదాలు ఆడించి, చప్పుళ్ళన్నీ నోటితోనే చేసి చూపించాడు. పక్క బల్లవాళ్ళు తినడం మానేసి చూశారు.

అంతకుముందు ఆమె ఒక చెప్పుల దుకాణంలో పనిచేసింది. అది మూతపడ్డాక, కూతురు బడికి వెళ్ళడం మొదలయ్యాక, ఈ ఉద్యోగం దొరికింది. తనకు ఇందులో ఇంత నేర్పు ఉందని ఆమెకే తెలియదు. ఫోనులో వచ్చే గుటకలూ ఉఫ్‌లూ విని, మెకానిక్కును ఏ సామాను పట్టుకెళ్ళమనాలో చెప్పేసేది. పదింట్లో తొమ్మిది సరిపోయేవి. ఇంట్లో ఎవరూ ఆమెను పెద్దగా పొగిడేవాళ్ళు కాదుగానీ, ఆఫీసులో ఆ మాటా ఈ మాటా వింటూ ఆమె లోలోపల కొంచెం మురిసిపోయేది.

అలాంటి మనిషికి తన ఇంట్లోనే చప్పుడు మొదలైంది.

వాళ్ళది సందు చివరి ఇల్లు. చిన్నది, పాతది. ఆ ఇంటికీ పక్కింటికీ మధ్య ఒక మనిషి చేతులు చాచి నడవలేనంత ఇరుకు దారి. బయటి పెట్టె ఆ దారిలోనే గోడకు బిగించి ఉంటుంది. ఇంట్లో నలుగురు. ఆమె, బ్రెడ్డు ఫ్యాక్టరీలో తెల్లవారుజాము షిఫ్టుకు వెళ్ళే భర్త, అత్తగారు, పదేళ్ళ కూతురు.

ఒక సాయంత్రం ఆమె వంటింట్లో గిన్నెలు తుడుస్తుంటే వినిపించింది. ఊఁ... అని సన్నగా లేచి, గోడంతా పాకి, తగ్గిపోయి, ఆగిందనుకునేలోపు మళ్ళీ ఊఁ... అని లేచింది. ఎవరో నొప్పిని పంటి కింద బిగబట్టి మూలుగుతున్నట్టుంది. చేతిలో గుడ్డతో అలాగే నిలబడింది. టకటక కాదు, గడగడ కాదు, కీచు కాదు. నట్టు బాబాయ్ నేర్పిన వాటిలో ఇది లేదు.

"అత్తయ్యా, మీకేమన్నా వినిపిస్తోందా?"

అత్తగారు టీవీ గొంతు తగ్గించి చెవి పెట్టింది. "ఆఁ, ఎవరో బీరువా ఈడుస్తున్నారు. బరువేమో, మధ్యమధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నారు."

"మూలుగులా లేదూ?"

"మూలుగేంటే! బీరువా."

కూతురు లెక్కల పుస్తకం మూసి వచ్చింది. తనకైతే ఇల్లంతా ఉయ్యాల ఊగుతున్నట్టుంది అంది. భర్తను లేపి అడిగితే, "నాకేం వినపడట్లేదు. నన్ను పడుకోనీ," అని దుప్పటి ముసుగేసుకున్నాడు. రోజంతా పిండి కలిపే యంత్రాల మధ్య ఉండే మనిషి. అతని మాట లెక్కలోకి తీసుకోవాలో వద్దో ఆమెకు తెలియలేదు.

ఆమె వెళ్ళి గోడ మీది మీట నొక్కి మిషన్ ఆపింది. చప్పుడు ఆగింది. మళ్ళీ పెట్టింది. కాసేపటికి ఊఁ... అని మొదలైంది. సరే, మనదే అనుకుంది. కోటు వేసుకుని బయటికి వెళ్ళి ఇరుకు దారిలో పెట్టె ముందు వంగి విన్నది. చిత్రం! అక్కడ నిలబడితే ఫ్యాను మామూలుగా తిరుగుతున్న హోరే తప్ప ఇంకేమీ లేదు. రెండడుగులు వెనక్కి వేస్తే మూలుగు. ఇంకో అడుగు వేస్తే మాయం. ఇంట్లోకి వస్తే మళ్ళీ మూలుగు. ముందుకీ వెనక్కీ నడుస్తున్న ఆమెను పక్కింటి కిటికీలోంచి ఎవరో చూసి, పరదా దించారు.

పక్కింట్లోకి ఆ చలికాలం మొదట్లోనే కొత్తవాళ్ళు వచ్చారు. ఒక నడివయసు ఆయన, ఆయన అక్క. ఆయన ఆస్పత్రులకు కట్టుడు పళ్ళ సెట్లు తయారుచేసి ఇస్తాడని, అక్కగారు అద్దాల దుకాణంలో లెక్కలు చూస్తుందని అత్తగారు వీధి చివర విని వచ్చి చెప్పింది. అంతకుమించి రాకపోకలు లేవు. ఎదురుపడితే ఆ అక్కగారు చెవులక్కను జాలిగా చూసి, "అంతా బాగుందామ్మా?" అని అడిగేది. అత్తగారు పలకరిస్తే మాత్రం ముఖం పక్కకు తిప్పుకునేది. "నేనేం చేశానే దానికి?" అని అత్తగారు ఇంటికొచ్చి గింజుకునేది. చెవులక్కకూ అర్థం కాలేదు.

చప్పుడు రోజూ వస్తోంది. పొద్దున్నే ఒకసారి, సాయంత్రం చీకటి పడుతుండగా ఇంకోసారి. చివరికి ఆమె ఇంటి నుంచి తన కంపెనీకే ఫోను చేసింది. ఆరోజు ఆమెకు సెలవు. పక్క కుర్చీలో కూర్చునే కొత్తమ్మాయి ఎత్తింది.

"నమస్కారమండీ, మీ సమస్య ఏంటో చెప్పండి."

"నేనే చెల్లీ. మా ఇంట్లో మిషన్..."

"అయ్యో అక్కా, నువ్వా! చప్పుడా? ఎలాంటి చప్పుడు?"

"అదే... ఒక రకంగా."

అనేశాక గానీ ఆమెకు తెలియలేదు, తను ఏమందో. కొత్తమ్మాయి కిసుక్కున నవ్వి, "ఒక్కసారి నోటితో చేసి వినిపిస్తారా అండీ?" అంది.

చెవులక్క చుట్టూ చూసింది. సోఫాలో అత్తగారు కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని మరీ చూస్తోంది. ఆమె గోడవైపు తిరిగి, "ఊఁ... ఊఁ..." అంది.

"నొప్పులు పడుతున్నట్టుందక్కా!"

"అలా కాదు, ఇంకొంచెం... అత్తయ్యా, మీరు చెప్పండి."

"బీరువా అని చెప్పు," అంది అత్తగారు.

నట్టు బాబాయ్ మర్నాడు మధ్యాహ్నం వచ్చాడు. తనవాళ్ళ ఇల్లు కదా అని ఇంకో మెకానిక్కును పంపకుండా స్వయంగా వచ్చాడు. మిషన్ పెట్టించి, చతికిలబడి, పెట్టెకు చెవి ఆనించి విన్నాడు. అరచేయి పెట్టి చూశాడు. మూత విప్పాడు, ఫ్యాను రెక్కలు వేలితో తిప్పాడు, నట్లన్నీ చూశాడు. ఒకటి వదులుగా ఉంటే సంబరంగా బిగించాడు.

"ఇంతేనమ్మాయ్. ఇక చప్పుడుండదు."

"ఇప్పుడు కూడా లేదుగా బాబాయ్. సాయంత్రమే వస్తుంది."

"మిషన్‌కి సాయంత్రమని తెలుసేంటి?"

సాయంత్రం ఊఁ... అని లేచింది. తర్వాత బాబాయ్ మళ్ళీ వచ్చి పెట్టె కాళ్ళ కింద రబ్బరు దిమ్మలు మార్చాడు. సాయంత్రం చప్పుడు అలాగే ఉంది. ఇంకోసారి వచ్చి ఫ్యాను మార్చేశాడు. అత్తగారు వినే బీరువాలో చిన్న కిర్రు ఒకటుండేదట, అది పోయిందని అత్తగారు సంతోషించింది. బీరువా మాత్రం ఉంది. ప్రతిసారీ అతను మధ్యాహ్నమే వచ్చేవాడు, ప్రతిసారీ మిషన్ బుద్ధిగా తిరిగేది. చెవి డాక్టరు ముందు కూర్చోగానే చెవినొప్పి మాయమైనట్టు.

మూడోసారి వెళ్తూ వెళ్తూ అతను సంచి భుజాన వేసుకుని, గుమ్మంలో ఆగి, ఆమె ముఖంలోకి చూడకుండా అన్నాడు. "అమ్మాయ్, రోజంతా ఆ ఫోను చెవిలో పెట్టుకుని కూర్చుంటావు. ఒకసారి చెవులు చూపించుకోరాదూ?"

ఆ మాట ఆమెకు చురుక్కుమంది. కానీ అత్తగారికీ కూతురికీ వినిపిస్తోంది కదా! వినిపిస్తోందా, లేక తను అడిగి అడిగి వాళ్ళ చెవుల్లో పెట్టిందా? ఆ సందేహం పట్టుకున్నాక ఆఫీసులో పని కూడా తడబడింది. ఒకాయన "కిర్ కిర్" అంటే బేరింగన్నది. మెకానిక్కు వెళ్ళి చూస్తే కిటికీ రెక్క. ఇంకొకామె "గలగల" అంటే ఏమీ తోచక, "మీరే చెప్పండి, అదేమై ఉంటుంది?" అని అడిగేసింది. "నాకు తెలిస్తే మీకెందుకు ఫోను చేస్తాను తల్లీ?" అని అవతల ఆమె కోప్పడింది. కొత్తమ్మాయి ఇవతల నోరు తెరిచి చూసింది.

చెవి డాక్టరు దగ్గరికీ వెళ్ళింది. ఆయన గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకు డిప్పలు తగిలించి, కుయ్యి కుయ్యిమనే చప్పుళ్ళు పంపి, "మీ చెవులు నిక్షేపంలా ఉన్నాయమ్మా. చిన్నపిల్లల చెవులు," అన్నాడు. వేరేవాళ్ళయితే ఎగిరి గంతేసేవాళ్ళు. ఆమె ఇంకా దిగులుగా బయటికొచ్చింది. చెవి బాగుంది, మిషన్ బాగుంది. మరి మూలుగుతున్నదెవరు?

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం, భోజనం చేసొచ్చి కూర్చోగానే ఫోను మోగింది. మెత్తగా, ఆగి ఆగి మాట్లాడే మగ గొంతు.

"చిన్న ఇబ్బందండీ. మా మిషన్ ఈమధ్యే మీవాళ్ళే బిగించారు. కొత్తది. ఏదో చప్పుడు చేస్తోంది."

"ఎలాంటి చప్పుడండీ?" అంది అలవాటు కొద్దీ, పెద్దగా మనసు పెట్టకుండా.

"చెప్పడం కష్టమండీ. చేసి చూపిస్తాను, నవ్వకండి." ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. "ఊఁ... ... ఊఁ... ..."

చెవులక్క చేతిలో పెన్ను బల్ల మీద పడింది. ఆ లేవడం, ఆ తగ్గడం, ఆగిందనుకునేలోపు మళ్ళీ అందుకోవడం, అచ్చం అదే.

"ఇంకోసారి అనండి."

ఆయన ఇంకోసారి అన్నాడు. పాపం, ఇంకొంచెం గట్టిగానే అన్నాడు.

"ఎప్పుడొస్తుందండీ? సాయంత్రమా?"

"అవునండీ! పొద్దున కూడా. మిషన్ ఆపేస్తే ఆగిపోతుంది. అందుకే మాదేనని ఖాయం చేసుకున్నాను. మా అక్క మాత్రం అది మిషన్ కాదంటుంది."

"మరేంటంటారు?"

"అది... వదిలెయ్యండి. ఆవిడ అభిప్రాయం."

"మీ ఇల్లెక్కడండీ?"

"లాండ్రీ ఎదురుగా సందు ఉంది చూడండి. అందులో చివరి ఇంటికి ముందు ఇల్లు."

"చివరి ఇల్లు మాదేనండీ," అంది ఆమె.

ఆయన గొంతు తగ్గించి, "ఓహో, మీరేనా? మీరు... బాగానే ఉన్నారా అండీ?" అన్నాడు.

ఎందుకు అందరూ ఇదే అడుగుతారో ఆమెకు బోధపడలేదు. సాయంత్రం ఇంటి దగ్గర కలుద్దామని చెప్పి ఫోను పెట్టేసింది.

చీకటి పడకముందే అందరూ ఇరుకు దారి మొదట్లో చేరారు. పళ్ళ సెట్లాయన పొట్టిగా, మెడ చుట్టూ ఉన్ని గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. అక్కగారు చేతులు కట్టుకుని, చెవులక్కను తప్ప ఎవరినీ చూడకుండా నిలబడింది. అత్తగారు గడప దగ్గర నుంచే ముఖం మాడ్చుకుని చూస్తోంది. గోడలకు ఎదురెదురుగా రెండు పెట్టెలూ తిరుగుతున్నాయి. ఒకటి పాతది, ఒకటి కొత్తది. కొత్తదాన్ని చెవులక్క రోజూ చూస్తూనే ఉంది. నిన్నగాక మొన్న వచ్చిన మిషన్‌కి జబ్బేమిటని దాన్ని అనుమానించలేదు. పైగా తనది ఆపితే చప్పుడు ఆగుతోంది కదా.

ఊఁ... అని మొదలైంది.

"అదుగో!" అన్నారు చెవులక్కా, పళ్ళ సెట్లాయనా ఒకేసారి.

"మాది ఆపిస్తా ఉండండి," అని ఆమె లోపలికి కేకేసింది. కూతురు మీట నొక్కింది. మూలుగు ఆగింది. కొత్త పెట్టె ఒక్కటే సన్నగా హోరుమంటోంది.

"చూశారా, మాదే," అంది చెవులక్క.

"ఆగండి. మీది పెట్టించండి." పాత పెట్టె మళ్ళీ తిరిగింది, మూలుగు మళ్ళీ వచ్చింది. ఆయన పరుగున లోపలికెళ్ళి తనది ఆపాడు. మూలుగు ఆగింది. ఆయన తలుపులోంచి తల బయటపెట్టి, "చూశారా, మాదే!" అన్నాడు.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మాది అంటే మాది అని ఇద్దరూ పట్టుబడుతుంటే తీర్పు ఎవరు చెప్పాలి? మళ్ళీ ఆపారు, మళ్ళీ పెట్టారు. ఏదో ఒకటి తిరిగితే చప్పుడు లేదు. రెండూ తిరిగితే ఉంది. అయితే చప్పుడు దేనిలో ఉన్నట్టు? దీనిలో లేదు, దానిలో లేదు. ఆమె ఒక పెట్టె మీదా ఇంకో పెట్టె మీదా చేతులు వేసి, రెండు గోడల మధ్య నిలబడి, బుర్ర గోక్కోవడానికి కూడా చేయి ఖాళీ లేక అలాగే ఉండిపోయింది.

"అయితే అది మిషన్లేనా?" అంది అక్కగారు. ఆ ఒక్క పలకరింపు దాటి ఆమె మాట్లాడడం అదే మొదలు.

"మిషన్లేనండీ. మీరేమనుకున్నారు?"

అక్కగారు తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు ఉన్ని గుడ్డ సవరించుకున్నాడు. "నువ్వు ఏడుస్తున్నావేమో అనుకున్నానమ్మా," అంది అక్కగారు. "పొద్దున్నా సాయంత్రం, నువ్వు ఇంట్లో ఉన్న వేళకే. ఎవరో నోరు నొక్కేసినట్టు మూలుగు. ఒకరోజు నువ్వు చలిలో ఈ దారిలో అటూ ఇటూ తిరుగుతున్నావు. చూడలేక పరదా వేసేశాను. మీ అత్తగారు..."

గడప దగ్గర అత్తగారు ఉలిక్కిపడింది. "ఏంటీ? నేనా? నేను దాన్ని ఏడిపిస్తున్నానా? దాని చప్పుడు గోలతో నన్నే అది ఏడిపిస్తుంటేనూ! నేను నోటితో బీరువా అని చెప్తే కూడా రాసుకోలేదు!"

"బీరువా ఏంటండీ?" అంది అక్కగారు అయోమయంగా.

అత్తగారు కోపంగా ఆ చప్పుడు చేసి చూపించింది. అక్కగారు అలా కాదని ఇంకోలా చేసింది. ఇద్దరూ ఒకరి చప్పుడును ఒకరు సరిదిద్దుతూ, అసలు చప్పుడు వినపడనంత గట్టిగా మూలిగారు. వీధిలో పోతున్న సైకిలాయన ఆగి ఎవరికైనా బాగాలేదా అని అడిగాడు. అప్పుడు అత్తగారికి నవ్వొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆపుకోలేక నవ్వింది. అక్కగారు మాత్రం ఇంకా నవ్వలేదు.

నట్టు బాబాయ్‌ని ఈసారి సాయంత్రమే రమ్మని పట్టుబట్టింది చెవులక్క. అతను వచ్చి, రెండు పెట్టెల మధ్య నిలబడి, ఊఁ... అని మొదలవగానే నాలుక కరుచుకున్నాడు.

"నా బుద్ధి మండా! నేను వచ్చినప్పుడల్లా వీళ్ళు పనికెళ్ళి, వీళ్ళ మిషన్ ఆగి ఉండేది. అమ్మాయ్, దేనికీ జబ్బు లేదు. రెండూ దాదాపు ఒకే వేగంతో తిరుగుతున్నాయి. దాదాపు. సరిగ్గా ఒకటి కాదు. ఇద్దరు పక్కపక్కన నడుస్తుంటే అడుగులు ఒకసారి కలుస్తాయి, ఒకసారి విడిపోతాయి చూడు. కలిసినప్పుడు చప్పుడు పెద్దదవుతుంది, విడిపోతే తగ్గుతుంది. ఈ గోడలు రెండూ దగ్గరగా ఉండి దాన్ని ఇంకా పెంచుతున్నాయి."

"అయితే తప్పు ఎవరిది?" అన్నాడు పళ్ళ సెట్లాయన.

"ఎవరిదీ కాదు."

"మరి ఏది బాగుచేస్తారు?"

బాబాయ్ చాలాసేపు ఆలోచించాడు. "అదే నాకూ తెలియట్లేదు," అన్నాడు.

చివరికి కొత్త మిషన్‌లో ఒక సదుపాయం ఉంది, దాన్ని నెమ్మదిగా తిరిగేలా పెట్టవచ్చన్నాడు. అలా చేస్తే రెండింటి వేగానికీ మధ్య ఎడం పెరుగుతుంది. ఊగే మూలుగు పోయి, రెండు విడివిడి హోరులు మిగులుతాయి. పళ్ళ సెట్లాయన వెంటనే సరేనన్నాడు. చెవులక్క తమదే మారుస్తామని మొహమాటపడింది కానీ, తమ పాత మిషన్‌కి ఆ సదుపాయమే లేదు.

బాబాయ్ బయట పెట్టె మూత విప్పుతుంటే, లోపల మీట నొక్కడానికి చెవులక్కను పక్కింట్లో కూర్చోబెట్టారు. ఆ ఇంట్లోకి వెళ్ళడం అదే మొదటిసారి. వంటింటి బల్ల మీద దంతాల అచ్చులు వరసగా ఆరబెట్టి ఉన్నాయి. అవి నోళ్ళు తెరుచుకుని తననే చూస్తున్నట్టనిపించి ఆమె కుర్చీ కాస్త పక్కకు జరుపుకుంది. అక్కగారు టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"తప్పుగా అనుకోకమ్మా. అయితే నువ్వు ఒక్కసారి కూడా ఏడవలేదా?"

లేదండీ అని చెప్పబోయి ఆగింది చెవులక్క. చెవి డాక్టరు దగ్గరి నుంచి వచ్చిన సాయంత్రం, అత్తగారు టీవీ చూస్తుంటే, ఆమె స్నానాల గదిలోకి వెళ్ళి కుళాయి తిప్పి, బకెట్ నిండి పొర్లిపోయేదాకా ఏడ్చింది. చెవులు బాగున్నాయన్నారని ఏడ్చిందా, చేతిలో ఉన్న ఒక్క నేర్పూ జారిపోతోందని ఏడ్చిందా, అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఏముందని?

"ఒకసారి ఏడ్చానండీ," అంది.

"ఆ స్నానాల గది కిటికీ మా వంటింటి వైపే," అంది అక్కగారు నెమ్మదిగా. "నీళ్ళ చప్పుడు కూడా వినిపించింది. మిగతా రోజుల్లో మిషన్ అయితే అయ్యిందిలే. ఆరోజు మాత్రం నాకు గట్టిగా అనిపించింది. వచ్చి తలుపు కొడదామని చెప్పులేసుకుని బయటిదాకా వచ్చాను. ఏమని అడగాలో తెలియక తిరిగి వెళ్ళిపోయాను."

చెవులక్క టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. కృతజ్ఞతగా ఉంది, సిగ్గుగా ఉంది, కొంచెం కోపంగా కూడా ఉంది, ఎవరి మీదో అర్థం కాకుండా.

"అమ్మాయ్! నొక్కు!" అని బయట నుంచి కేక.

ఆమె లేచి మీట నొక్కింది. కొత్త పెట్టె బద్ధకంగా కదిలింది. గోడ అవతల తమ ఇంటి పెట్టె హోరు దానికి వేరుగా, కొంచెం మొరటుగా వినిపిస్తోంది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి విన్నారు. మూలుగు లేదు.

"పోయినట్టేనా?" అంది అక్కగారు.

"పోయినట్టే ఉందండీ. ఉండండి, ఇంకాసేపు విందాం," అంది చెవులక్క, మళ్ళీ కూర్చుంటూ. అక్కగారు ఆమె గ్లాసులో ఇంకొంచెం టీ పోసింది.